గృహచ్ఛిద్రము

మన పెద్దలు పరులకు వెల్లడింపరాని విషయములను లెక్కించునప్పుడు ఆయువును, ధనమును, మంత్రమును చెప్పి, వానితోపాటు గృహచ్ఛిద్రమును గూడ చెప్పియున్నారు. ఇంటి గుట్టు ఇంటనే యుండవలెననియు, ఇంటి మాట వీథిని బడినచో పరువు పోవుననియు, కూతును కాపురమునకు పంపునాడు ప్రతి తల్లియు బోధించుచునే యున్నది. ఈ నీతిలో సత్యము లేకపోలేదు. కూరలో ఉప్పు తక్కువయైనదని భర్త విసుగుకొనుటయు, పండుగకు బట్టలు తేలేదని భార్య అలుగుటయు, అత్తాకోడండ్ర మాటపట్టింపులును పదిమంది చెవిని వేయదగినవి కావు. అట్టివానిని దాచుకొనుటవలన ప్రేమ పెరుగునే గాని తరుగదు. కాని యీ నీతియే కొట్టు చేతికి చాటుగా నిలిచినప్పుడు దానిని నీతియని పిలువవచ్చునా? దెబ్బ తిన్న స్త్రీ ఆ దెబ్బను దాచుట ధర్మమా? ప్రక్క యింటి యేడ్పు విన్నవాడు విననట్లు తలుపు వేసికొనుట మర్యాదయా? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది యీ ప్రశ్నయే.

మొదట నొక భేదమును గుర్తింపవలసియున్నది. కలహము వేరు, హింస వేరు. కలహమున నిరువురును మాటలాడుదురు, ఇరువురును అలుగుదురు, మరునాడు వారిలో నెవరో యొకరు ముందుగా నవ్వుదురు. హింస గల యింట నొకరు శాసింతురు, రెండవవారు భయపడుదురు. ఈ భయమే గుర్తు. సాయంకాలము వీథితలుపు చప్పుడు కాగానే పిల్లల యాట నిలిచిపోవుచున్నదా? అడుగుల సవ్వడినిబట్టి ఆ రాత్రి యెట్లు గడచునో ఇల్లాలు లెక్క కట్టుకొనుచున్నదా? చుట్టములయెదుట నోరు విప్పుటకు ముందు భర్త ముఖమువంక చూచుచున్నదా? అట్లయినచో, నేడు దెబ్బ పడినను పడకున్నను అది హింస గల యిల్లే.

మన శాసనము గూడ ఈ సత్యమును గ్రహించినది. 2005వ సంవత్సరమున చేయబడి, 2006వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీనుండి అమలులోనికి వచ్చిన గృహహింస చట్టము హింసను నాలుగు విధములుగా చెప్పుచున్నది: దేహమును బాధించుట, లైంగికముగా పీడించుట, మాటలచేతను చేష్టలచేతను మనస్సును గాయపరచుట, ధనవిషయమున నిర్బంధించుట. చదువరులు తాము ఎరిగిన యిండ్లను ఒకసారి తలచుకొని చూతురుగాక. ఆడపిల్లను కన్నదని దెప్పుట, పుట్టింటికి పోనీయకుండుట, ఆమె జీతమును నెలనెల తీసికొని కూరగాయలకైనను చేయి చాపునట్లు చేయుట, ఆమె నగలను అడుగకయే తాకట్టు పెట్టుట, ఆమె టెలిఫోనును పరీక్షించుట, బిడ్డలను దూరము చేసెదనని బెదరించుట, ఇవన్నియు ఆ నాలుగింటిలో నేదో యొకదానిక్రిందికి వచ్చునవే. వీనిలో పెక్కింటిని మనము "మగవాని కోపము" అనియో, "ఆ యింటి పద్ధతి" అనియో చెప్పి సరిపెట్టుకొనుచున్నాము.

కోపమని చెప్పుట సరికాదు. ఇంట చేయి చేసికొనువాడు కచేరిలో పై యధికారి నిందించినప్పుడు చేయి యెత్తడు. బజారులో అప్పులవాడు నిలదీసినప్పుడు చేతులు కట్టుకొని నిలువబడును. ఇంటికి వచ్చిన పిమ్మటనే ఆ కోపమునకు బలము వచ్చుచున్నది. చీరకొంగున దాగు చోటనే దెబ్బ పడుచున్నది. ఎవరిని కొట్టిన నడుగువారు లేరో ఎరిగి పనిచేయు కోపమును ఉద్రేకమని చెప్పుట కంటె అధికారమని చెప్పుట న్యాయము. మద్యము విషయమును అట్టిదే. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తరచుగా త్రాగి మైమరచు భర్తలు గల స్త్రీలలో నూటికి 70 మంది భర్తచేత శారీరకముగానో లైంగికముగానో హింసింపబడిరి. మద్యము ముట్టని భర్తలు గల స్త్రీలలో ఆ లెక్క 23. మొదటి యంకె మద్యము అగ్నికి ఆజ్యమని చెప్పుచున్నది; రెండవ యంకె అగ్ని మద్యముకంటె ముందే యున్నదని చెప్పుచున్నది. మనము సాధారణముగా మొదటిదానిని విని, రెండవదానిని మరచుచున్నాము.

ఈ సర్వేయే మరికొన్ని సంగతులను తెలుపుచున్నది. వివాహితలైన స్త్రీలలో భర్త హింసకు ఎప్పుడైనను గురియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 30 మంది, తెలంగాణమున సుమారు 37 మంది. ఇంతకంటెను మనలను నిలిపి ఆలోచింపజేయు లెక్క వేరొకటి గలదు. చెప్పకుండ బయటికి పోవుట, ఇంటినిగాని బిడ్డలనుగాని అశ్రద్ధ చేయుట, ఎదురు మాటలాడుట, పడకకు నిరాకరించుట, వంట సరిగా చేయకపోవుట, శీలముపై అనుమానము కలుగుట, అత్తమామలను గౌరవింపకపోవుట అను నేడు కారణములను చెప్పి, వీనిలో దేనికైనను భర్త భార్యను కొట్టుట తగునా యని స్త్రీలనే యడిగిరి. తెలంగాణమున నూటికి 83.8 మందియు, ఆంధ్రప్రదేశమున 83.6 మందియు, ఏదో యొక కారణమునకు తగునని చెప్పిరి.

ఈ యంకెను చూచి, "స్త్రీలకే లేని బాధ మనకేల" యని తేలికపడువారు గలరు. "ఎంత యజ్ఞానము" అని జాలిపడువారును గలరు. మాకు రెండును సరిగా తోచలేదు. తప్పించుకొను దారి లేనిచోట నున్న మనుష్యుడు తన బాధకు కారణమును వెదకుకొనును. కారణము లేక దెబ్బ పడుననుకొన్నచో బ్రదుకుట కష్టము; రేపును పడును, ఎల్లుండియు పడును, చేయగలిగినది లేదు. కారణముండి పడినదనుకొన్నచో, ఆ కారణమును తొలగించుకొన్న దెబ్బ తొలగునను నాశ మిగులును. వంట రుచిగా చేసెదను, ఎదురు చెప్పను, అడుగక గడప దాటను అని యామె తనకు తానే నియమములను కల్పించుకొనును. "తగును" అను నామె మాట అంగీకారము కాదు, ఆశ. ఆ యాశను తల్లియు అత్తయు చిన్ననాటినుండి ఆమెకు నేర్పిరి, వారికి వారి తల్లులు నేర్పిరి. కావున ఆ 83 మందికి హితబోధ చేయుటకంటె, అట్టి యాశయే దిక్కు కానట్టి బ్రదుకును వారికి కలుగజేయుట మన పని.

మన సంస్కర్తలు స్త్రీల విషయమున చేసిన మేలును తలంపక యీ చర్చ సాగదు. వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. అప్పారావు పంతులుగారి కన్యాశుల్కము 1892లో రంగమెక్కి, బాలికల విక్రయమును నలుగురిలో నవ్వులపాలు చేసినది. 1929లో శారదా శాసనము బాల్యవివాహమునకు అడ్డుకట్ట వేసినది. 1961లో వరకట్నమును నిషేధించు చట్టము వచ్చినది. వీనినన్నింటిని కలిపి చూచిన నొక విశేషము కనబడును. ఏ వయస్సున పెండ్లి, ఎంత సొమ్మునకు పెండ్లి, భర్త పోయినచో మరల పెండ్లి యుండవచ్చునా అను ప్రశ్నలన్నియు పెండ్లిపందిటి ప్రశ్నలు. పందిరి వీథిలో వేయుదురు గనుక సంస్కర్త అక్కడ నిలిచి మాటలాడగలిగెను. పందిరి విప్పి, వధువు గడప దాటి, తలుపు మూతపడిన పిమ్మట జరుగుదానికి వరుని మంచితనమే హామీగా విడువబడినది. ఆ మహనీయులను నిందించుటకు కాదు మేమిట్లనుట. వారు నిలిచిన చోటనుండి మనము ముందడుగు వేయవలసియున్నదని చెప్పుటకే.

న్యాయస్థానములు గూడ చిరకాలము గడప వెలుపలనే నిలిచినవి. అంతియే కాదు, పారిపోయి వచ్చిన స్త్రీని తిరిగి లోపలికి నెట్టినవి. బాల్యమున తనకు చేసిన పెండ్లిని అంగీకరింపని రఖ్మాబాయిని, భర్త యింటికి పొమ్మనియు, పోనిచో ఆరు నెలలు చెరసాల యనియు 1887లో బొంబాయి న్యాయస్థానము తీర్పు చెప్పినది. చెరసాలయే మేలని యామె బదులు చెప్పెను. తరువాతి కాలమున ఇంగ్లండులో చదివి వైద్యురాలయ్యెను. దాదాపు నూరేండ్ల పిమ్మట 1983లో, ఇట్లు దంపతులను బలవంతముగా కలుపు శాసనభాగము రాజ్యాంగమునకు విరుద్ధమని ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి పి. ఎ. చౌదరిగారు తీర్పిచ్చిరి. మరుసటి యేట సుప్రీంకోర్టు ఆ యభిప్రాయమును త్రోసివేసినది. భార్యయెడ భర్తయు అతని బంధువులును చేయు క్రౌర్యము నేరమని శిక్షాస్మృతిలో చేర్చినది ఆ 1983వ సంవత్సరముననే. 2024 జులైనుండి అమలులో నున్న భారతీయ న్యాయసంహితలో ఆ నిబంధన 85, 86 సెక్షనులుగా నిలిచియున్నది. ఇల్లు శాసనమునకు లోబడిన చోటేనని మన దేశము చెప్పుట మొదలిడి అర్ధశతాబ్దమైనను కాలేదు.

హింస మాట వచ్చినప్పుడెల్ల మొదట పుట్టు ప్రశ్న, "అంత బాధయైనచో ఆమె యేల విడిచి రాదు?" అనునది. ఇది తెలివిగల ప్రశ్నవలె కనబడునుగాని, వెదకవలసిన చోట వెదకునది కాదు. అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞురాలు లెనోర్ వాకర్ 1979లో వ్రాసిన గ్రంథమున హింస యొక చక్రమువలె తిరుగునని చెప్పినది. కొంతకాలము ఇంటిలో ఉక్కబోసినట్లుండును. తరువాత పిడుగు పడును. ఆ వెనుక భర్త కాళ్లు పట్టుకొనును, చీర తెచ్చును, బిడ్డలమీద ఒట్టు పెట్టును. ప్రతి యింటను ఇదే క్రమమున జరుగునని చెప్పలేము గాని, ఆ మూడవ ఘట్టమును ఎరుగని బాధితురాలు అరుదు. ఆమె ప్రేమించునది ఆ మూడవనాటి మనుష్యుని. సహించునది రెండవనాటి మనుష్యుని. ఇరువురును ఒక్కడే యని యొప్పుకొనుటకు ఆమెకు ఏండ్లు పట్టును. దీనికి తోడు బిడ్డల చదువు, చెల్లెలి పెండ్లి, చేతిలో లేని డబ్బు. విడిచిపోవుటకు పూనుకొన్న సమయమే యామెకు మిక్కిలి ప్రమాదకరమైనదని యీ రంగమున పనిచేయువారందరును ఎరుగుదురు. అధికారము చేజారుచున్నదని తోచినప్పుడు పీడకుడు మరింత క్రూరుడగును. ఆమె కదలకుండుట పిరికితనమని మనమనుకొనుచున్నాము. పలుమారులు అది లెక్క వేసికొని చేసిన జాగ్రత్త.

ఈ ప్రశ్నను మార్చి, "వచ్చినచో నెచ్చటికి వచ్చును?" అని యడిగి చూడుడు. వెంటనే ప్రశ్న ఆమె యింటినుండి మన యింటికి మరలును. ముందు చెప్పిన సర్వేలోనే, దేశమున హింసకు గురియైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవ్వరికిని చెప్పనులేదు, సహాయము కోరనులేదు. సహాయము కోరినవారు 14 మంది మాత్రమే. ఆ కొద్దిమందియు మొదట తట్టినది పోలీసు ఠాణాను కాదు, న్యాయవాది తలుపును కాదు, పుట్టింటి తలుపును. అచ్చట నామెకు లభించు సమాధానమేది? "సర్దుకొనుము తల్లీ." అన్నము పెట్టుదురు, కన్నీరు తుడుతురు, రెండు దినములుంచుకొందురు, మూడవనాడు తండ్రియో అన్నయో వెంటబెట్టుకొని పోయి దింపివత్తురు. "మా పిల్ల తప్పు చేసినచో మన్నింపుడు" అని యొక మాట గూడ అని వత్తురు. ఆ మాటను గడపలో నిలిచి విన్న యల్లుడు ఒక సంగతిని గ్రహించును: దీనికి వెనుక ఎవరును లేరు. నాటినుండి పడు దెబ్బలలో ఆ తండ్రి చేయి గూడ లేదని చెప్పగలమా?

తండ్రి కఠినుడని మేమనుట లేదు. అతనికి లోకభయమున్నది, చిన్న కూతును పెండ్లి చేయవలసియున్నది, కొడుకు కోడలు ఏమందురో యను సంకోచమున్నది. అందుచేతనే ఆశ్రయమును దయకు విడువక హక్కుగా చేయవలసియున్నది. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ గారలు కేరళమున తిరువనంతపురము జిల్లాలో జరిపి 2005లో ప్రకటించిన పరిశోధన యిచ్చట స్మరింపదగినది. భూమిగాని యిల్లుగాని లేని వివాహితలలో నూటికి 49 మంది భర్త దెబ్బలు తినిరి. రెండును తమ పేర నున్నవారిలో ఏడుగురు మాత్రమే తినిరి. తనకు పోవుటకు చోటున్నదని స్త్రీ యెరుగుటయు, ఆమెకు చోటున్నదని భర్త యెరుగుటయు, ఈ రెండెరుకలే చేతిని చాలవరకు ఆపుచున్నవి. మన తెలుగునాట 1986లోనే, దేశమున కనేక యేండ్లు ముందుగా, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన భాగము నిచ్చు సవరణ వచ్చినది. 2005లో అది దేశమంతటికిని వచ్చినది. అయినను పసుపుకుంకుమల పేర కొంత యిచ్చి, మిగిలినదానికి హక్కు వదలుకొనుచున్నట్లు ఆడపడుచుచేత సంతకము చేయించు వాడుక ఎన్ని యిండ్లలో లేదు? ఆమెయు పుట్టింటి రాకపోకలు తెగునేమోయని భయపడి సంతకము చేయుచున్నది. పండుగనాడు రాగల యిల్లు మిగిలినది. ఆపదనాడు రాగల యిల్లు పోయినది. ఈ వ్యాసమును చదువు అన్నదమ్ములు ఆ కాగితమును ఒకసారి తీసి చూచుకొందురుగాక.

ఇక సహనమను ధర్మమును విచారింతము. సహనము స్త్రీకి భూషణమని మనము బోధించుచున్నాము. సహనము గొప్ప గుణమే. కాని గుణమగుటకు దానికొక నియమమున్నది: సహింపకుండుటకు గూడ శక్తి యుండవలెను. ప్రతీకారము చేయగలిగియు చేయనివాని క్షమ క్షమ. లేచి పోగలిగియు ప్రేమచే నిలిచినవారి ఓర్పు ఓర్పు. పంజరములోని పక్షి యెగురకున్నందుకు దాని స్థిరబుద్ధిని ఎవరు పొగడుదురు? దారి లేనివారి మౌనమునకు సహనమని పేరు పెట్టి దండలు వేయుట, దారి చూపవలసిన బాధ్యతనుండి మనము తప్పించుకొనుట కొరకే. ఒకరి సహనము వేరొకరి దుర్మార్గమునకు భోజనమగుచున్నప్పుడు అది వారికిని మేలు చేయదు. చేయి యెత్తుటకు అలవాటు పడిన పురుషుడు గూడ ఆ యలవాటుచేత మనుష్యత్వమును కోలుపోవుచున్నాడు. అతనిని ఆపుట అతనికి ద్రోహము కాదు.

సభాపర్వమును మనము పలుమారులు విన్నవారమే. దుశ్శాసనుని పాపమును తలచి పండ్లు కొరికెదము. కాని ఆ సభలో ద్రౌపది నిలదీసినది దుశ్శాసనుని కాదు, పెద్దలను. తాను న్యాయముగా ఓడింపబడితినా యని వారినడిగెను. భీష్ముడు ధర్మసూక్ష్మము దుర్గ్రహమని చెప్పి తప్పుకొనెను. ద్రోణుడు పలుకలేదు. ఎరిగియు బదులు చెప్పని సభ్యునకు ఆ పాపమున భాగము గలదని విదురుడు హెచ్చరించెను. కౌరవులలో చిన్నవాడైన వికర్ణుడొక్కడు లేచి ఆమె పక్షమున మాటలాడెను. ఆనాటి పెద్దలకు కన్నులయెదుట జరుగుచుండెను గనుక చూడలేదని చెప్పుకొను నవకాశము లేకపోయెను. మనకు గోడ యడ్డమున్నది. గోడను చూపి మనము తప్పించుకొనుచున్నాము. కాని గోడ చూపును ఆపునేగాని వినికిడిని ఆపదు. ఆ పిల్ల ముఖముపై కమిలిన చోటును గూర్చి "తలుపు తగిలినది" అని చెప్పినప్పుడు నమ్మినట్లు తల యూపు ప్రతివారును ఆ సభలో కూర్చున్నవారే.

ఇంటి గుట్టు బయటపడిన నేమగునో తెలుపు నుదాహరణ మనయందే యున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున, అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడులలో స్త్రీలు చదువుటకు కూడిరి. వాచకమున సారాయివలన చెడిన కాపురమును గూర్చిన పాఠము వచ్చినది. అంతవరకు ప్రతి స్త్రీయు తన భర్త త్రాగుటను, కూలి డబ్బు పోవుటను, రాత్రి తాను తిన్న దెబ్బలను తన యింటి చిద్రమే యనుకొని దాచుకొనుచుండెను. పాఠము చదివి ఒకరితో నొకరు మాటలాడుకొన్నప్పుడు అందరి యిండ్లయందును ఒకే చిద్రమున్నదని తేలినది. అందరియందును ఉన్నదానిని దాచవలసిన పనియేమి? రోసమ్మ మొదలైన స్త్రీలు కలిసి దుకాణమును మూయించిరి. ఆ గాలి జిల్లా యంతటను, పిమ్మట రాష్ట్రమంతటను వీచినది. 1993 అక్టోబరు 1వ తేదీని ప్రభుత్వము సారాయిని నిషేధించినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. ఆ నిషేధము 1997లో సడలింపబడినది గనుక ఆ విజయము నిలువలేదని చెప్పువారుందురు. శాసనము సడలినది నిజమే. కాని తన కష్టము తన యొక్కదాని తలవ్రాత కాదని ఆ స్త్రీలు తెలిసికొన్న సంగతిని ఏ ప్రభుత్వమును సడలింపజాలదు.

ఈ చట్టములవలన సంసారములు కూలుచున్నవని కొందరందురు. కూలినది దెబ్బతో, చట్టము వచ్చి చూచినది శిథిలమును మాత్రమే. అబద్ధపు ఫిర్యాదులు గలవని కొందరందురు. ఏ చట్టమునకైనను అబద్ధము చెప్పువారుందురు. అందుకే నేరవిచారణలో నిర్దోషులకు చిక్కు కలుగకుండ, ఇట్టి కేసులలో యాంత్రికముగా అరెస్టు చేయరాదని 2014లో సుప్రీంకోర్టు కట్టడి చేసినది. గృహహింస చట్టము ముఖ్యముగా కోరునది భర్తను చెరసాలకు పంపుటను కాదు. హింసను ఆపుటను, ఆమెను ఇంటినుండి గెంటకుండుటను, పోషణమును, బిడ్డలను ఆమె చెంత నుంచుటను. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణోత్తర్వును ధిక్కరించినప్పుడే ఆ చట్టముక్రింద శిక్ష వచ్చును. అత్తమామల పేర నున్న యిల్లైనను, ఆమె కాపురము చేసిన యిల్లైనచో నందు నివసించు హక్కు ఆమెకు గలదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. "ఇది మా యిల్లు, నీవు పొమ్ము" అను మాటకు ఇక మునుపటి బలము లేదు.

అట్లయిన, మన చెంతకు వచ్చి ఒక స్త్రీ మొదటిసారి నోరు విప్పినప్పుడు మనమేమి చేయవలెను? నమ్మవలెను. "నీవేమన్నావు? అతడేల కొట్టెను?" అని యడుగరాదు, ఆ ప్రశ్న ఆమె తన్ను తాను వేయిసార్లు వేసికొన్నదే. "ఈ రాత్రి నీకు భయము లేదు గదా?" అని యడుగవలెను. వెంటనే విడిచి రమ్మని శాసింపరాదు. ఇంట నొకని శాసనమునకు లోబడి నలిగినదానికి మన శాసనము మరియొకటి యగును. నిర్ణయము ఆమెది, తోడు మనది. ఆమె చదువు పత్రములను, బ్యాంకు పుస్తకమును, బిడ్డల జనన పత్రములను, కొంత డబ్బును కోరినచో మన యింట దాచిపెట్టవలెను. గాయమైనచో వైద్యునకు చూపించి వ్రాయించవలెను. ఆమె యొప్పుకొనక ముందు భర్తను పిలిపించి పెద్దమనుష్యుల తగవు పెట్టరాదు. భర్తయెదుట ఆమె నిజము చెప్పలేదు, చెప్పినచో ఆ రాత్రి దానికి మూల్యము చెల్లించును. ఆమె చెప్పినదానిని అతని చెవిని వేయకుండుటయే గుట్టు. గృహచ్ఛిద్రమును దాచుమన్న నీతికి తగిన చోటు ఇది: ఆమె రహస్యమును పీడకునినుండి దాచుట, పీడకుని రహస్యమును లోకమునుండి దాచకుండుట.

సహాయము చేయు చోట్లను గూడ చదువరులు తెలిసికొనియుండవలెను. 181 సంఖ్యకు టెలిఫోను చేసినచో మహిళల సహాయ కేంద్రము పలుకును, ప్రాణాపాయమైనచో 112. జిల్లాలలోని సఖి కేంద్రములలో వైద్యము, న్యాయసలహా, తాత్కాలికాశ్రయము ఒకచోటనే కలుగజేయుదురు. గృహహింస చట్టముక్రింద నియమింపబడిన రక్షణాధికారి ఆమె ఫిర్యాదును వ్రాసికొని మేజిస్ట్రేటునకు పంపును. దరఖాస్తు అందిన మూడు దినములలో సాధారణముగా మొదటి విచారణ జరుగవలెనని చట్టము చెప్పుచున్నది. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము జిల్లా న్యాయసేవాధికార సంస్థవలన లభించును. మరియు, హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఏ మనుష్యుడైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవానికి ఏ బాధ్యతయు లేదు. ప్రక్క యింటివాడు పరాయివాడను మాటను శాసనము ఇట్లు త్రోసివేసినది. అయితే ఆమెతో సంప్రదింపక తొందరపడినచో మన మంచియే ఆమెకు చెరుపు కావచ్చునని మరువరాదు.

ఇంత చేసిన పిమ్మటను ఆమె తిరిగి ఆ యింటికే పోవచ్చును. ఒకసారి కాదు, మూడుసార్లు పోవచ్చును. అప్పుడు మనకు విసుగు పుట్టును. "చెప్పినంతవరకు చెప్పితిమి, ఇక ఆమె ఖర్మ" యనిపించును. సహనము అవసరమైన చోటు అదియే. స్త్రీలకు నూరేండ్లుగా బోధించిన సహనమును కొంత మనము నేర్చుకొనవలసినది ఆనాడే. నాలుగవసారి ఆమె తలుపు తట్టినప్పుడు, "మొన్న ఏల పోయితివి?" అనక తలుపు తీయవలెను.

పెంకుటింటి కప్పుకు చిల్లు పడినచో మనము దానిని చాపతో కప్పి, వాన పడలేదని చుట్టములకు చెప్పము; ఇల్లు నేయువానిని పిలిచి పైకెక్కింతుము. వీథిలోనివారు చూచిన చూతురు. చిల్లు కనబడుటచేత ఏ యిల్లును కూలలేదు, కనబడకుండ మూసిపెట్టుటచేతనే దూలములు కుళ్లి యిండ్లు కూలినవి. కాపురమునకు పంపు కూతునకు, ఇంటి మాట బయట పెట్టకుమని చెప్పు తల్లి, ఆ నోటితోనే ఇంకొక మాట గూడ చెప్పుగాక: "నీమీద చేయి పడిననాడు అది ఇంటి మాట కాదు. ఆనాడు మాకు చెప్పుము. ఈ తలుపు నీకు తెరచియుండును." ఆ మాటను తండ్రియు, అన్నయు ప్రక్కనే నిలిచి, అల్లుడు వినునట్లు చెప్పినచో మరింత మేలు.